ఆశ్రమ చతుష్టయం – ఎరిక్సన్ జీవితదశా సిద్ధాంతం

మానవుని మనస్సు పుట్టుక మొదలు మరణం వరకు ఏ క్రమంలో పరిణతి పొందుతుందనే ప్రశ్నకు ఆధునిక మనోవిజ్ఞానం ఇచ్చిన సమాధానాలలో ఎరిక్ ఎరిక్సన్ ప్రతిపాదించిన ఎనిమిది దశల సిద్ధాంతం మిక్కిలి ప్రసిద్ధమైనది. దీనిని మన విద్యార్థులకు పరిచయం చేసే సందర్భాలలో ఒక మాట తరచుగా వినవస్తుంది. ఇందులో కొత్త ఏమున్నది, బ్రహ్మచర్య గార్హస్థ్య వానప్రస్థ సంన్యాసాలని మన ఋషులు ఏనాడో చెప్పినదే కదా అని. మాట వినసొంపుగానే ఉన్నది. అయితే ధర్మసూత్రాలను, ఎరిక్సన్ గ్రంథాలను పక్కపక్కన ఉంచి చదివినపుడు ఆ రెండింటికీ గల పోలిక సాధారణంగా చూపే చోట నిలవదు. ఎవరూ చూడని చోట మాత్రం అది బలంగా కనిపిస్తుంది.

ముందుగా ఎరిక్సన్ విషయం. ఈయన 1902లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో జన్మించాడు. తల్లి డెన్మార్కు దేశపు యూదు వనిత. కన్నతండ్రి ఎవరో ఆయనకు కడపటి వరకు తెలియలేదు. శిశువైద్యుడైన సవతితండ్రి హోంబర్గర్ ఇంటిపేరుతో పెరిగి, 1939లో అమెరికా పౌరసత్వం స్వీకరించిన సమయంలో ఎరిక్సన్ అనే పేరును తానే పెట్టుకున్నాడు. ఆ పేరుకు ఎరిక్ కుమారుడు అని అర్థం. అంటే తనకు తానే తండ్రి అయినాడన్నమాట. ‘నేనెవరిని’ అనే ప్రశ్నను కౌమారదశకు కేంద్రంగా నిలిపిన సిద్ధాంతకర్తకు ఆ ప్రశ్న పుస్తకాలలో దొరికినది కాదని దీనివలన తెలుస్తుంది. యౌవనంలో చిత్రకారుడుగా తిరిగిన ఈయనకు విశ్వవిద్యాలయ పట్టం లేదు. వియన్నాలో అన్నా ఫ్రాయిడ్ వద్ద మనోవిశ్లేషణలో శిక్షణ పొంది, 1933లో అమెరికా చేరాడు. 1950లో వెలువడిన ‘చైల్డ్‌హుడ్ అండ్ సొసైటీ’ అనే గ్రంథంలో ఎనిమిది దశల వివరణ కలదు.

ఫ్రాయిడ్ దృష్టిలో వ్యక్తిత్వానికి పునాది తొలి అయిదారు సంవత్సరాలలోనే పడిపోతుంది. పియాజే వివరించిన బుద్ధివికాసం కౌమారంతో పూర్తి అవుతుంది. పరిణామాన్ని మృత్యువు దాకా పొడిగించిన ప్రథమశ్రేణి సిద్ధాంతకర్తలలో ఎరిక్సన్ ఒకడు. ఆయన దీనికి ఉపమానాన్ని పిండోత్పత్తి శాస్త్రం నుండి గ్రహించాడు. గర్భస్థ పిండంలో ప్రతి అవయవానికి ఏర్పడే కాలం ఒకటి ఉన్నట్లే, మనస్సులోని ప్రతి శక్తికీ ప్రాధాన్యం వహించే కాలం ఒకటి ఉన్నదని ఆయన అభిప్రాయం. ఆ కాలంలో రెండు విరుద్ధ ప్రవృత్తులు తలపడతాయి. శైశవంలో విశ్వాసం, అవిశ్వాసం. నడక నేర్చే వయస్సులో స్వతంత్రత, దానికి ఎదురుగా సిగ్గు, సందేహం. ఆటల వయస్సులో చొరవ, అపరాధభావం. బడి వయస్సులో శ్రమశీలత, న్యూనతాభావం. కౌమారంలో స్వీయగుర్తింపు, పాత్రల గందరగోళం. నవయౌవనంలో సాన్నిహిత్యం, ఏకాకితనం. నడివయస్సులో సంవర్ధనశీలత, స్తబ్ధత. వార్ధక్యంలో సమగ్రత, నైరాశ్యం. ఈ సంఘర్షణలు సవ్యంగా పరిష్కారమైనచో వరుసగా ఆశ, సంకల్పం, ప్రయోజనదృష్టి, సామర్థ్యం, నిష్ఠ, ప్రేమ, సంరక్షణ, వివేకం అనే ఎనిమిది గుణాలు లభిస్తాయి.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. పాఠ్యపుస్తకాలలో ఈ జంటలను మంచిచెడుల పట్టికవలె ముద్రిస్తారు. విశ్వాసం గెలవాలి, అవిశ్వాసం ఓడాలి అన్నట్లు విద్యార్థి కంఠస్థం చేస్తాడు. ఎరిక్సన్ ఉద్దేశం అది కాదు. బొత్తిగా అవిశ్వాసం ఎరుగని శిశువు రేపు ఎవరినైనా నమ్మి మోసపోతాడు. సిగ్గు అనేది ఏ కోశానా లేని మనిషితో కాపురం చేయడం కష్టం. రెండూ ఉండాలి, పాళ్లు మాత్రం మొదటిదానికి అనుకూలంగా ఉండాలి. ఇది గుణత్రయ విభాగంవంటి ఆలోచనకు దగ్గరగా ఉన్నది. సత్త్వం ప్రధానమైనంత మాత్రాన రజస్తమస్సులు లేకుండా పోవని సాంఖ్యులు చెప్పిన మాట తెలిసినవారికి ఇందులో చిక్కు ఉండదు.

అనువాదపు ఇబ్బందులు కూడా కొన్ని ఉన్నవి. ఏడవ దశకు మన పాఠ్యగ్రంథాలు వాడే ‘ఉత్పాదకత’ అనే మాటకు కర్మాగారపు వాసన ఉన్నది. తరువాతి తరాన్ని కనడం, పెంచడం, దానికి దారి చూపడం, దానికోసం ఏదైనా నిర్మించి విడవడం అనేవన్నీ ఆ దశలో చేరుతాయి కనుక ఇక్కడ ‘సంవర్ధనశీలత’ అని వాడడమైనది. అయిదవ దశలోని భావనను కొందరు ‘ఆత్మ’ శబ్దంతో అనువదించారు. అది మరింత ప్రమాదకరం. వేదాంతి వదలుకొమ్మన్న నామరూపాలనే ఎరిక్సన్ సంపాదించుకొమ్మంటున్నాడు.

ఇప్పుడు పోలిక. ఎరిక్సన్‌కు మన ఆశ్రమ వ్యవస్థ తెలియనిది కాదు. 1962లో మానవ జీవితచక్రం అనే విషయంపై సదస్సు నడుపుటకు ఆయన అహమ్మదాబాదుకు వచ్చాడు. అక్కడ మిల్లు యజమానులను, పూర్వపు సత్యాగ్రహులను కలిసి, 1918 నాటి మిల్లు కార్మికుల సమ్మెను ఆధారం చేసుకుని ‘గాంధీస్ ట్రూత్’ అనే గ్రంథం రచించాడు. 1969లో వెలువడిన ఆ గ్రంథంలో ఆశ్రమాల చర్చ ఉన్నది. ఆయన శిష్యుడు సుధీర్ కకర్ 1968లో ఒక పరిశోధన వ్యాసంలోను, 1978లో ‘ది ఇన్నర్ వరల్డ్’ అనే గ్రంథంలోను రెండు వ్యవస్థలను పక్కపక్కన నిలిపి చూపాడు. కకర్ లెక్క ప్రకారం బడి వయస్సు, కౌమారం బ్రహ్మచర్యానికి, నవయౌవనం గార్హస్థ్యానికి, నడివయస్సు వానప్రస్థానికి, వార్ధక్యం సంన్యాసానికి సరిపోతాయి. శైశవ బాల్యాలకు ఎదురుగా ఆశ్రమం లేదని, అవి ధర్మగ్రహణానికి పూర్వరంగమని ఆయనే సూచించాడు.

ఈ చివరి విషయం వద్ద కొంత ఆగవలసి ఉన్నది. ఎరిక్సన్ చెప్పిన ఎనిమిదింటిలో అయిదు ఇరువది ఏండ్లలోపే ముగుస్తాయి. ఆశ్రమాలు నాలుగింటిలో రెండు నెరిసిన వెంట్రుకలు కనిపించిన తరువాతనే మొదలవుతాయి. ఒకటి జీవితాన్ని మొదటి కొసనుండి కొలిచింది, రెండవది చివరి కొసనుండి కొలిచింది. ఉపనయనానికి పూర్వం ఉన్న ఏడెనిమిది ఏండ్లు ఆశ్రమశాస్త్రానికి పట్టలేదు. అంతమాత్రం చేత మన సంప్రదాయం బాల్యాన్ని విస్మరించిందని తలపరాదు. ఆ పనిని గృహ్యసూత్రాలలోని సంస్కారాలు చేశాయి. జాతకర్మ, నామకరణం, నిష్క్రమణం, అన్నప్రాశనం, చౌలం అనే వరుసను ఎరిక్సన్ తొలి దశలతో పోల్చి చూడవలసి ఉండగా, పండితులు ఆశ్రమాలతో పోల్చి తృప్తి చెందారు. ఆరవ మాసంలో జరిగే అన్నప్రాశనం పళ్లు మొలిచే సమయానికి దగ్గరగా వస్తుంది. పళ్లు రావడం, కొరకడం, తల్లిపాలకు క్రమంగా దూరం కావడం అనే ఘట్టాన్ని ఎరిక్సన్ విశ్వాసదశలోని గండంగా వర్ణించాడు. శిశువుకు తల్లి నుండి ఎదురయ్యే ఆ తొలి ఎడబాటును మన ఇండ్లలో బంధువుల నడుమ, పాయసంతో, పండుగగా మార్చారు. పుస్తకం, కలం, బంగారం వంటివాటిని ముందుంచి బిడ్డ దేనిని పట్టుకుంటాడో చూసే తెలుగువారి ఆచారంలో, మాటలు రాని పసివానికి కూడా ఒక ఎంపిక ఉన్నదనే భావం దాగి ఉన్నది.

సుశ్రుతుడు బాల్యాన్ని విభజించిన తీరు కూడా గమనింపదగినది. సంవత్సరం వరకు క్షీరపుడు, రెండేండ్ల వరకు క్షీరాన్నాదుడు, ఆ మీద అన్నాదుడు అని ఆహారాన్ని బట్టి మూడు భాగాలు చేశాడు. వయోవిభాగంలో చరకుడు మరొక అడుగు ముందుకు వేశాడు. పదునారు ఏండ్ల వరకు ధాతువులు అపరిపక్వంగా ఉంటాయని, అక్కడి నుండి ముప్పది ఏండ్ల వరకు అవి వృద్ధి చెందుతూ ఉన్నా మనస్సు మాత్రం ప్రాయికంగా నిలకడ లేనిదై ఉంటుందని విమానస్థానంలో పేర్కొన్నాడు. ముప్పది దాటనివానిని చరకుడు ‘బాల’ వయస్సులోనే చేర్చడం నేటివారికి వింతగా తోచవచ్చు. కాని 2000 సంవత్సరంలో జెఫ్రీ ఆర్నెట్ అనే అమెరికా మనోవైజ్ఞానికుడు కౌమారానికి, పూర్ణ యౌవనానికి నడుమ ఇరువదులలో ఒక ప్రత్యేక దశ ఉన్నదని, అస్థిరత దాని లక్షణాలలో ఒకటని ప్రతిపాదించాడు. ఇరువురి మాటా ఒకటే అనడం సాహసం. చరకుడు చికిత్సకోసం రోగి బలాబలాలను అంచనా వేస్తున్నాడు, ఆర్నెట్ పారిశ్రామిక సమాజంలో ఆలస్యమవుతున్న వివాహాలను, ఉద్యోగాలను చూస్తున్నాడు. అయినను మనోవికాసాన్ని వయస్సుతో ముడిపెట్టి గమనించిన ప్రాచీన శాస్త్రం మనకు కావలెనన్నచో, దానిని ధర్మశాస్త్రంలో కన్న ఆయుర్వేదంలో వెదకడం ఎక్కువ ఫలప్రదం.

కారణం స్పష్టమే. ఆశ్రమాలు ఆదిలో వయోదశలు కానే కావు. మనువు మొదలుగా అలవాటైన క్రమం మన మనస్సులలో గట్టిగా నాటుకొన్నందువలన ఈ మాట కొందరికి రుచింపకపోవచ్చును. గౌతమ ధర్మసూత్రం వేదాధ్యయనం ముగించినవానికి ఆశ్రమాలలో వికల్పం ఉన్నదని కొందరి మతంగా చెప్పి, చివరకు గృహస్థాశ్రమం ఒక్కటే ఆశ్రమమనే ఆచార్యుల పక్షాన్ని నిలిపింది. తెలుగు దేశంలో అధికంగా అనుసరింపబడే ఆపస్తంబుని సూత్రంలోనైతే నాలుగు ఆశ్రమాలను పేర్కొన్న వరుసే వేరు. ముందు గార్హస్థ్యం, తరువాత ఆచార్యకులవాసం, ఆపైన మునివృత్తి, కడపట వానప్రస్థం. వయోక్రమమే ఉద్దేశమైనచో గృహస్థును విద్యార్థికి ముందు, మునిని వానప్రస్థునికి ముందు చెప్పడం పొసగదు. ఇవి నాలుగు మెట్లు కాక నాలుగు మార్గాలని, యువకుడు వానిలో ఒకదానిని జీవితాంతం ఎన్నుకోవచ్చుననే భావనయే తొలినాటిదని పాట్రిక్ ఒలివెల్ 1993లో వెలువరించిన గ్రంథంలో విపులంగా నిరూపించాడు. మార్గాలను మెట్లుగా పేర్చినది తరువాతి కాలం. మనుస్మృతి ఆరవ అధ్యాయంలో ముడుతలు, నెరసిన జుట్టు, మనుమని పుట్టుక అనే గుర్తులు చెప్పి, ఋణత్రయం తీరకుండా మోక్షాన్ని కోరరాదని కట్టడి చేసినపుడు క్రమం స్థిరపడింది. జాబాలోపనిషత్తు మాత్రం క్రమాన్ని చెబుతూనే, విరక్తి కలిగిన రోజే ప్రవ్రజించవచ్చునని తలుపు తెరిచి ఉంచింది. శంకరాచార్యులు బాల్యంలోనే సంన్యసించారనే సంప్రదాయం ఆ తలుపు గుండా వచ్చినదే.

కావున ఎరిక్సన్ చెప్పినది మనసుకు దానంతట అది సంభవించేది. ధర్మశాస్త్రం చెప్పినది మనిషి పూనుకొని చేయవలసినది. ఈ భేదం చివరి దశలో మరింత ప్రస్ఫుటం అవుతుంది. కకర్ పట్టికలో వార్ధక్యపు సమగ్రత, సంన్యాసం ఒకే గడిలో ఉన్నవి. ఈ సమీకరణం అంగీకరించదగినదిగా లేదు. ఎరిక్సన్ దృష్టిలోని వృద్ధుడు తన జీవితాన్ని వెనుదిరిగి చూచి, తప్పులతో సహా ఇది నాది, ఇది ఇట్లే జరుగవలసినది అని స్వీకరించాలి. తల్లిదండ్రులను కూడా వారు ఉన్నట్లుగానే అంగీకరించాలి. సంన్యాసి చేసేది దీనికి పూర్తిగా విపరీతం. ఆత్మశ్రాద్ధం పెట్టుకొని, అగ్నులను విడిచి, అద్వైత సంప్రదాయంలో శిఖాయజ్ఞోపవీతాలను సైతం విసర్జించి, పేరు మార్చుకొని, పూర్వాశ్రమ కథను నోటితో పలుకకుండా పోతాడు. ఒకడు తన కథను కౌగిలించుకొంటున్నాడు, ఇంకొకడు దానికి తిలోదకాలు ఇస్తున్నాడు. ఇద్దరూ మృత్యువును భయం లేక ఎదుర్కొనవచ్చు గాక, వారు నడిచిన దారులను ఒకటిగా చూపడం వలన రెండింటికీ అన్యాయమే జరుగుతుంది.

పోలిక నిజంగా సారవంతమైనది ఏడవ దశలో. దీనికి ఆదిపర్వంలోని యయాతి కథను మించిన ఉదాహరణ దొరకదు. నన్నయ తెనిగించిన ఈ కథ తెలుగు విద్యార్థులకు చిరపరిచితం. శుక్రుని శాపం వలన అకాల వార్ధక్యం పొందిన యయాతి ఆ ముదిమిని తీసుకొని యౌవనం ఇమ్మని కుమారులను అడుగుతాడు. యదువు, తుర్వసుడు, ద్రుహ్యుడు, అనువు నిరాకరించి శాపగ్రస్తులవుతారు. కడగొట్టు కుమారుడు పూరువు అంగీకరిస్తాడు. వేయి సంవత్సరాలు భోగించిన పిమ్మట కోరిక భోగంతో చల్లారదని గ్రహించి, యయాతి యౌవనాన్ని తిరిగి ఇచ్చి, రాజ్యం పూరువుకు అప్పగించి అడవికి పోతాడు. ఈ కథను ఇంద్రియనిగ్రహ బోధగా చెప్పడం పరిపాటి. ఎరిక్సన్ దృష్టితో చూసినపుడు ఇందులో మరొక విషయం బయటపడుతుంది. పెద్దలు పిన్నలకు ఇవ్వవలసిన కాలంలో, వారి నుండి తీసుకొనడమే యయాతి దోషం. ఎరిక్సన్ స్తబ్ధత అని పేర్కొన్నది ఇదే. నడివయస్సువాడు తానే తన ఏకైక శిశువు అయినట్లు తన్ను తాను లాలించుకొనే స్థితి అది. నలుగురు కుమారుల నిరాకరణ కూడ కొత్త వెలుగులో కనిపిస్తుంది. వారు తమ దశను తాము జీవిస్తామన్నారు, అంతే. వారికి శాపం, తలవంచిన పూరువుకు రాజ్యం లభించడంలో పితృభక్తికి ఈ సమాజం కట్టిన మూల్యం తెలుస్తుంది. ఫ్రాయిడ్ గ్రీకు కథలో కుమారుడు తండ్రిని చంపుతాడు. మన ఇతిహాసంలో కుమారుడు తండ్రికోసం వృద్ధుడవుతాడు. భీష్ముడు తండ్రి వివాహం కొరకు తన వివాహాన్ని వదులుకొనడం ఇటువంటిదే.

గాంధీజీ విషయంలో ఎరిక్సన్ ఎదుర్కొన్న చిక్కు కూడా ఇక్కడిదే. 1918 సమ్మెనాటికి గాంధీజీ వయస్సు నలుబది ఎనిమిది, అంటే సరిగా సంవర్ధనదశ. వేలాది కార్మికులకు తండ్రివలె నిలిచిన ఆ మహానుభావుడు సొంత కుమారుల పట్ల, ముఖ్యంగా హరిలాల్ పట్ల కఠినంగా ఉన్నారు. గ్రంథం మధ్యలో ఎరిక్సన్ రచనను ఆపి, మరణించిన గాంధీజీని సంబోధిస్తూ ఒక లేఖ వ్రాశాడు. అహింసను బోధించిన చేతితోనే దగ్గరివారిపై ఒక విధమైన మానసిక హింస జరిగినదని అందులో నిర్మొహమాటంగా చెప్పాడు. భక్తితో మొదలైన గ్రంథంలో అటువంటి లేఖ ఉండడం కొందరికి కష్టం కలిగించినా, గ్రంథానికి ప్రాణం అదే. సంవర్ధనశీలత లోకానికి పంచినంత మాత్రాన ఇంటి లెక్క తీరదని ఆయన గుర్తించాడు.

రెండు వ్యవస్థలకూ సమానమైన లోపం ఒకటి ఉన్నది. రెండూ పురుషుని జీవితాన్ని మానవ జీవితంగా చూపాయి. మనువు స్త్రీకి వివాహమే ఉపనయన స్థానీయమన్నాడు. వానప్రస్థుడు భార్యను వెంటతీసుకొని పోవచ్చు లేదా కుమారులకు అప్పగించి పోవచ్చునన్నాడు. ఆమె ఏ ఆశ్రమంలో ఉన్నట్లు? శూద్రుల సంగతి చెప్పనే అక్కరలేదు. ఎరిక్సన్ వరుసలో స్వీయగుర్తింపు ముందు, సాన్నిహిత్యం తరువాత. స్త్రీల విషయంలో ఈ రెండూ పెనవేసుకొని సాగుతాయని, ఎరిక్సన్ స్వయంగా ఆ భేదాన్ని గమనించి కూడా పటాన్ని మార్చలేదని కెరోల్ గిలిగన్ 1982లో విమర్శించింది.

దశలకు హద్దులు గీయడం కూడా కాలానుగుణంగా మారుతున్నదే. మనువు మనుమని ముఖం చూడమన్నాడు. నేటి గృహస్థునికి ప్రభుత్వం తేదీ ఇస్తున్నది. అది తెలంగాణలో 2021లో అరువది ఒకటికి, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో అరువది రెండుకు పెరిగింది. షష్టిపూర్తి నాడు వృద్ధదంపతులకు తిరిగి మంగళసూత్రధారణ జరిపించే మన ఆచారం వానప్రస్థాన్ని సున్నితంగా తోసిరాజని, గార్హస్థ్యాన్ని పొడిగించింది. దశలనేవే అనవసరమని, ప్రతి వయస్సులోను లాభనష్టాలు కలిసే ఉంటాయని జర్మనీ పండితుడు పాల్ బాల్టెస్ వాదించాడు. పియానో విద్వాంసుడు రూబిన్‌స్టీన్ ముదిమిలో తక్కువ కృతులను ఎన్నుకొని, వానినే ఎక్కువ సాధన చేసి, వేగంగా సాగవలసిన భాగానికి ముందు కావాలని నెమ్మదించేవాడట, వేగం తగ్గలేదని శ్రోతకు తోచేటట్లు. బాల్టెస్ తరచు చెప్పిన ఈ ఉదాహరణ మన గాత్ర విద్వాంసులకు అనుభవమే.

ఎరిక్సన్ 1994లో తొంబది ఒకటవ ఏట మరణించాడు. ఆయన భార్య, సహరచయిత్రి జోన్ ఎరిక్సన్ ‘ది లైఫ్ సైకిల్ కంప్లీటెడ్’ గ్రంథానికి 1997లో వెలువడిన విస్తృత ముద్రణలో తొమ్మిదవ దశను చేర్చింది. 1982లో ఆ గ్రంథం మొదట వెలువడినపుడు ఎనుబదులు, తొంబదుల వయస్సు ఎట్లుంటుందో తమకు అనుభవంలోకి రాలేదని ఆమె అభిప్రాయం. అతివార్ధక్యంలో ఎనిమిది సంఘర్షణలూ తిరిగి వస్తాయి, ఈసారి ప్రతికూల పక్షమే ముందు నిలుస్తుంది. కాలు నిలువదు, చేయి పట్టు తప్పుతుంది. తన దేహాన్నే తాను నమ్మలేని స్థితిలో శైశవంలోని అవిశ్వాసం మళ్లీ తలయెత్తుతుంది. జీర్ణవయస్సులో గ్రహణ ధారణ స్మరణాలు, వాక్కు, విజ్ఞానం క్షీణిస్తాయని చరకుడు చెప్పిన జాబితాను ఇక్కడ జ్ఞప్తికి తెచ్చుకొనవచ్చు. ఆశ్రమశాస్త్రంలో ఈ మనిషికి చోటు లేదు. అందులోని సంన్యాసి చివరి వరకు ఒంటరిగా నడుస్తూనే ఉంటాడు, మంచం పట్టడు. పాలు తాగే బిడ్డకు చోటు లేనట్లే, పట్టుకొని లేపవలసిన ముదుసలికీ అందులో చోటు లేదు. వీరిద్దరూ గృహస్థు ధర్మంలోనే కనిపిస్తారు. మనువు పేరిట నిబంధనకారులు ఉదాహరించే ఒక శ్లోకం వృద్ధులైన తల్లిదండ్రులను, సాధ్వి అయిన భార్యను, పసిబిడ్డను ఒకే వరుసలో చెప్పి, నూరు చేయరాని పనులు చేసియైనా సరే వారిని పోషించవలెనని ఆదేశిస్తున్నది.